ఉప్పూ కారం చల్లుకుని తిన్న హెచ్చరిక

మేము బెంగళూరు మడివాళలో కుర్రాళ్ళుగా తిరిగిన కాలంలో నీళ్ళకి నోరుండేది కాదు. ఇప్పుడు వచ్చింది. మా అపార్ట్‌మెంటులో నీళ్ళ మీటరుకి ఏదో పెట్టె తగిలించారు. అది నా ఫోనులోకి దూరి, రోజూ పొద్దున్నే "నిన్న మీరు ఇన్ని లీటర్లు వాడారు, మొన్నటికంటే ఇంత ఎక్కువ" అని మా అత్తగారికంటే ఓపికగా దెప్పిపొడుస్తుంది. అప్పట్లో ఈ సదుపాయం లేదు. నీళ్ళకి ఏదైనా కష్టం వస్తే సైగలు చేసేవి, అంతే. మోటారు మూలిగేది, గోడ చెమ్మగిల్లేది, నిన్న నిండిన ట్యాంకు ఇవాళ నిండనని మొండికేసేది. ఆ సైగలు అర్థం చేసుకునే మనిషి ఒకాయన మా పీజీ హాస్టల్లో ఉండేవాడు. ఆయనకి అర్థమైనదాన్ని అబద్ధం చేసిపారేసిన మనిషి ఇంకొకడు ఉండేవాడు. ఆ రెండోవాణ్ణి నేనే. అప్పుడు నా వయసు ఇరవై రెండు. (మా ఆవిడకి ఈ కథ చెప్పినప్పుడల్లా పంతొమ్మిది అంటాను. వయసు తగ్గితే తప్పు కూడా తగ్గుతుందని నా ఆశ.)

డిగ్రీ అయ్యాక (అయిందనే ఇంట్లో చెప్పాను) హిందూపురం నుంచి బస్సెక్కి వచ్చినప్పుడు బెంగళూరులో నాకున్న దిక్కు ఒక్కటే, మా అమ్మకి వరసకి వదినయ్యే పీజీ అత్త. మడివాళ మార్కెట్టు వెనక సందులో ఆవిడకి నాలుగంతస్తుల బిల్డింగు ఉండేది. అందులో ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు ఎనభై మంది. ఎనభై బకెట్లు, ఎనభై తువ్వాళ్ళు, పొద్దున ఏడు గంటలకి బాత్రూముల ముందు ఎనభై రకాల తిట్లు. అత్త నాకు మెట్ల కింద ఒక మంచం, మూడు పూటలా భోజనం, ఉద్యోగం దొరికేదాకా చెయ్యమని ఒక పనీ ఇచ్చింది. "ఊరికే తిని పండుకుంటే ఒళ్ళు బరువెక్కుతాదిరా. రోజూ పొద్దున్నే మిద్దెక్కు. ట్యాంకు నించి కిందికి దిగే పైపుకి మీటరు పెట్టించినా. నిన్నటికీ ఇయ్యాల్టికీ ఎంత తిరిగిందో చూసి ఈ బుక్కులో రాయి. నీళ్ళు యాడ ఎక్కువైతాండాయో ముందే తెలిస్తే ఎండాకాలంలో ఏడ్చే పని ఉండదు." ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నేను చేసింది అక్షరాలా వేరు.

నాలుగు రోజులు నిజాయితీగానే మిద్దెక్కాను. నాలుగంతస్తులంటే అరవై ఎనిమిది మెట్లు. ఆ పైన ట్యాంకు దగ్గరికి ఇనప నిచ్చెన. ఆ నిచ్చెనకి నేనంటే ఎందుకో పడేది కాదు, ఎక్కినప్పుడల్లా ఊగేది. ఐదో రోజు వాన తుంపర పడుతోందని సందు చివర టీ అంగట్లో కూర్చుని, నిన్న పది వేల లీటర్లయితే ఇవాళ పది వేల రెండొందలు కాకుండా పోతుందా అని ఊహించి రాసేశాను. ఆరో రోజు వాన లేదు కానీ అలవాటు మిగిలింది. ఆ తరవాత మూడు నెలలు ఆ బుక్కు నా చేతిలో కావ్యమైపోయింది. రోజూ ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని ఆదివారం బట్టలుతుకుతారు కనక మూడొందలు కలిపేవాణ్ణి, చలిగా ఉంటే రెండొందలు తీసేసేవాణ్ణి, క్రికెట్ మ్యాచి ఉన్న రోజు కుర్రాళ్ళు టీవీ ముందు నుంచి లేవరు కనక ఇంకో వంద తగ్గించేవాణ్ణి. అసలు మీటరుకంటే నా అంకెల్లో మనుషులు ఎక్కువ కనిపించేవాళ్ళు. అత్త నెలకోసారి బుక్కు తిరగేసి "పర్వాలేదురా, చేతిరాత బాగుండాది" అనేది.

ఇక మొదటి మనిషి సంగతి. మోటారు రూములో ఉండే ఆయన్ని అందరూ గాజుల మామ అనేవాళ్ళు. ఊరు ఆనేకల్. ముప్పై ఏళ్ళు మగ్గం నేసి, ఆ మగ్గం అమ్ముడుపోయాక మా అత్త దగ్గర మోటారు చూసుకోవడానికి చేరాడు. భార్యతో కలిసి మోటారు రూము పక్క గదిలోనే కాపురం. చదువు రాదు. కానీ ఆయనకీ ఒక లెక్కుండేది. బళేపేటలో ఆయన బావమరిది ఒక గాజుల అంగట్లో పనిచేసేవాడు. డజన్లు విరిగి ఒంటరిగా మిగిలిపోయిన గాజుల్ని సంచీకెత్తి ఇచ్చేవాడు. మామ నేల కింది సంపు నుంచి మిద్దె మీది ట్యాంకుకి ఒకసారి మోటారు వేసి నింపితే మేకుకి ఒక గాజు తగిలించేవాడు. సాయంత్రానికి మేకు మీదున్న గాజుల్ని పోగు దారంతో ఒక గుత్తిగా కట్టి, గోడకి అడ్డంగా కట్టిన కర్రకి వేలాడదీసేవాడు. ఒక గుత్తి అంటే ఒక రోజు. మామూలుగా గుత్తికి మూడు గాజులు. పండగలొస్తే గుత్తిలో ఏదో ఒక రెమ్మ గుచ్చేవాడు. ఆ కర్ర కింద నిలబడితే గాలికి నెలంతా గలగలమనేది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు "ఏం మామా, ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకున్నావు?" అని ఏడిపించేవాళ్ళు. "ఒకటే అప్పా. దానికే ఇన్ని గాజులు పగిలినాయి," అనేవాడు.

ఉగాది వెళ్ళిన వారానికి ఆ మామ నన్ను మోటారు రూము దగ్గర ఆపాడు. "అప్పా, స్వల్ప నిలబడు. ఈ నడుమ రోజుకి ఐదు గాజులు పడతా ఉండాయి. మూడుతో అయిపోయేది, ఐదు. మోటారు సప్పుడు కూడా మారిపొయ్యుండాది. మగ్గం సప్పుడు మారిందంటే యాడనో పోగు తెగినట్లే కదా. నీ బుక్కులో ఏముండాదో చూసి చెప్పు." బుక్కు నా చంకలోనే ఉంది. దాన్ని తెరిచి, పేజీ మీద వేలు పెట్టి, డాక్టరు మొహం పెట్టి చూశాను. నా అంకెలు ఎప్పటిలాగే అందంగా ఉన్నాయి. "అంతా మామూలే మామా," అన్నాను. ఆయన కాసేపు బుక్కునీ, కాసేపు గాజుల్నీ చూశాడు. "బుక్కు అబద్ధం చెప్పదులే. అట్లయితే నా మోటారుకే వయసైనట్లుండాది," అని, ఆ మధ్యాహ్నమంతా మోటారు విప్పుకుని కూర్చున్నాడు. మర్నాడు కూడా. వాషర్లు మార్చాడు, నూనె పోశాడు, దాన్ని బతిమాలాడు. జబ్బు లేని మోటారుకి అంత వైద్యం ఇంకెవరూ చేసి ఉండరు.

ఆ రోజుల్లోనే ఇంకో అద్భుతం జరుగుతూ ఉండేది. బిల్డింగు వెనక ప్రహరీ పక్కన ఒక బొప్పాయి చెట్టుండేది. ఎండలకి సందులో తులసి మొక్కలు కూడా వడిలిపోయాయి కానీ, ఈ చెట్టు మాత్రం పెళ్ళికూతురిలా ఎదిగి ఒకదాని మీద ఒకటి కాయలు కాసింది. ఒక్కో కాయ ఫుట్‌బాలంత. (మా ఆవిడ పక్కనుంటే క్రికెట్ బంతంత అని చదువుకోండి.) రోజూ పదకొండు గంటలకి, కుర్రాళ్ళంతా ఆఫీసులకి పోయాక, నేను ఒక పండు కోసుకుని, ఉప్పూ కారం చల్లుకుని, ఆ చెట్టు కిందే చల్లగా ఉన్న మట్టిలో కాళ్ళు చాపుకుని తినేవాణ్ణి. ఏప్రిల్ నెలలో ఆ మట్టి అంత చల్లగా ఎందుకుందని ఒక్క రోజు కూడా అడగలేదు. పైగా నా చేతి చలవే అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. వారానికి రెండు ట్యాంకర్లు వచ్చే చోట రోజుకొకటి రాసాగింది. అయినా సాయంత్రానికి సంపు అడుగు కనిపించేది, నాలుగో అంతస్తు కుర్రాళ్ళు సబ్బు మొహాలతో మెట్ల మీద నిలబడి అరిచేవాళ్ళు. ఒక శనివారం పొద్దున అత్త మామని పిలిపించింది. నన్ను బుక్కు తీసుకురమ్మంది. ఆవిడ చేతిలో చింతపండు, ముందర చాట, మొహం మాత్రం కోర్టు.

"వినుకో. సంపులోకి నీళ్ళు ఇంతకు ముందుకంటే ఎక్కువ పోస్తాండాం. నువ్వు మోటారు కూడా ఎక్కువేస్తాండావు, నీ గాజులే చెప్తాండాయి. కానీ మిద్దె మీద నించి దిగిన నీళ్ళు ఎప్పటి మాదిరే ఉండాయని బుక్కు చెప్తాంది. నడుమ నీళ్ళు యాడికి పోతాండాయి? పక్కన ఇల్లు కడతాండారే, వాళ్ళకి పైపేసి ఇస్తాండావా?"

మామ తల వంచుకున్నాడు. "అట్లాంటిది నాకు తెలీదక్కా."

"మరి బుక్కు అబద్ధమా?"

ఆ ప్రశ్న మామని అడిగింది. తగిలింది నాకు. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంటే బతికిపోయేవాణ్ణి. లేదు. "చదువుకున్న పిల్లోడు రాసినాడు, అబద్ధమెట్లయితాదక్కా? నా గాజులే యాడనో తప్పినట్లుండాయి," అన్నాడు.

"సోమవారం పొద్దుటికి గది ఖాళీ చెయ్యి," అంది అత్త. గట్టిగా కూడా అనలేదు. పదేళ్ళుగా నమ్మిన మనిషిని పొమ్మనేటప్పుడు ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ తల ఎత్తలేదు.

నేను నోరు తెరవలేదు. తెరిస్తే మెట్ల కింద మంచం పోతుంది, హిందూపురంలో మా నాన్న అంగట్లో గోనె సంచుల పక్కన నా చోటు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. బయటికొచ్చేసరికి మామ భార్య అప్పుడే గిన్నెలు బస్తాలోకి సర్దుతోంది. మామ స్టూలెక్కి కర్ర మీది గాజుల గుత్తుల్ని ఒక్కొక్కటే దించి మూటలో వేస్తున్నాడు. "ఇవి యాడికి తీసుకపోతావు మామా?" అంటే, "తప్పు లెక్క యాడ పెట్టుకుంటే ఏముంది అప్పా, నీకు కావాలంటే తీసుకో," అన్నాడు. ఆ మాటకి నా కాళ్ళు నన్నడక్కుండానే మెట్ల వైపు నడిచాయి.

మూడు నెలల తరవాత ఆ నిచ్చెన ఎక్కాను. మీటరు మూత మీద సాలీడు తాతలనాటి ఆస్తిలా గూడు కట్టుకుని ఉంది. దానికి క్షమాపణ చెప్పి మూత తీశాను. పదకొండు గంటలు. శనివారమైనా మా కుర్రాళ్ళకి సెలవుండేది కాదు, బిల్డింగులో ఒక్క బకెట్టు చప్పుడు లేదు. కానీ మీటరు అద్దం కింద చిన్న ఎర్ర చక్రం ఉంటుంది, నీళ్ళు కదిలితే తిరుగుతుంది, అది మాత్రం జాతరలో రంగులరాట్నంలా తిరుగుతోంది. కిందికి పరిగెత్తాను. ప్రతి అంతస్తులోనూ ప్రతి కొళాయీ చూశాను. అన్నీ కట్టేసే ఉన్నాయి. మళ్ళీ పైకెక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. ఎక్కడో, ఎవరికీ కనపడకుండా, నీళ్ళు కారిపోతున్నాయి.

సంతోషంతో సగం మెట్లు దిగాక బుర్ర పనిచేసింది. లీకు ఉందని చెబితే అత్త ఏమంటుంది? నెలన్నరగా బుక్కులో లేని లీకు ఇవాళ ఎలా పుట్టిందంటుంది. మామని తప్పించాలంటే బుక్కుని ఇరికించాలి. బుక్కుని ఇరికిస్తే నేను ఇరుక్కుంటాను. మెట్ల మీద కూర్చుని ఒక మంచి కథ అల్లడానికి ప్రయత్నించాను. కోతులు మీటరు తిప్పేశాయి అనుకున్నాను. మడివాళలో కోతులెక్కడివి? పిడుగు పడిందనుకున్నాను. వేసవి ఎండలో పిడుగా? జన్మలో మొదటిసారి నాకు అబద్ధం కరువొచ్చింది. (అది ఎంతటి కరువో నన్నెరిగినవాళ్ళకి తెలుస్తుంది.) లేచి, మామ మూటగట్టిన గుత్తుల్లో ఒకటి వెతికి పట్టుకుని, బుక్కు తీసుకుని, అత్త ముందు నిలబడ్డాను.

"అత్తా, ఉగాది రోజు మన బిల్డింగులో ఎవరున్నారు?"

"ఎవరుంటారురా? మూడు దినాలు పిల్లోళ్ళంతా ఊర్లకు పోయిండ్రి. ఒక్క మామా వాళ్ళే ఉండిరి, వాళ్ళకి కొళాయి సంపు దగ్గరే. మనమూ మదనపల్లెకి పోలేదా? నా పక్కన కూచోని తొమ్మిది ఒబ్బట్లు తింటివి కదా!"

"ఏడు," అన్నాను అలవాటుకొద్దీ. తరవాత బుక్కులో ఉగాది పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. మూడు రోజులకి మూడు అంకెలు, నా చేతిరాతలో ముత్యాల్లా ఉన్నాయి. పండగ రోజు తలంట్లుంటాయని నాలుగొందలు కలిపి మరీ రాశాను.

అత్త ఆ పేజీ చూసింది. నన్ను చూసింది. మళ్ళీ పేజీ చూసింది. "ఒరేయ్, తాళం వేసిన బిల్డింగు తలంటు పోసుకునిందా?"

"లేదత్తా. నేనే పోశాను. ఐదో రోజు నుంచీ నేను మిద్దెక్కలేదు. ఇందులో ఒక్క అంకె కూడా నిజం కాదు." అని చేతిలో ఉన్న గుత్తి చూపించాను. దానికి ఎండిపోయిన వేపపూత రెమ్మ గుచ్చి ఉంది, ఉగాది గుత్తి. అందులో రెండు గాజులున్నాయి. "ఇది నిజం. ఎవరూ లేని రోజు కూడా మామ రెండుసార్లు ట్యాంకు నింపాల్సొచ్చింది. మామూలు రోజు మూడు పోయే చోట ఐదు పోతోంది. ఆ ఎక్కువైన రెండూ ఇవే. మామ లెక్క ఎక్కడా తప్పలేదు."

తిట్టేముందు అత్త చింతపండు చేతుల్ని కడుక్కుంది. అంటే వ్యవహారం పెద్దదన్నమాట. "నీ మంచం సంగతి తరవాత చెప్తా. ముందు ఆ లీకు పట్టు," అంది.

మామకి విషయం నేనే చెప్పాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. నన్ను మిద్దె మీద మీటరు దగ్గర నిలబెట్టి, కింద ఒక్కో వాల్వూ కట్టుకుంటూ వచ్చాడు. ఒక్కోటి కట్టి "తిరగతా ఉండాదా?" అని అరిచేవాడు. "తిరుగుతోంది మామా!" అని నేను. నాలుగంతస్తులవీ అయ్యాయి. ఎప్పుడో మూలపడేసిన పాత బట్టలుతికే చోటికి పోయే పైపు వాల్వు ఒకటి మిగిలింది. అది కట్టగానే చక్రం ఆగిపోయింది. "ఆగింది మామా, ఆగింది!" అని నేను అరిచిన అరుపుకి మార్కెట్టులో కూరగాయలు కొనేవాళ్ళు కూడా ఆగారని అనుకుంటాను. కిందికి దిగేసరికి మామ వెనక ప్రహరీ దగ్గర, బొప్పాయి చెట్టు ముందు నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడు.

"అప్పా, ఈ పరంగి చెట్టుకి నువ్వు నీళ్ళు పోస్తావా?"

"లేదు మామా."

"నేనూ పొయ్యలేదు. ఊరంతా ఎండిపోయుంటే దీనికి మాత్రం ఎవురు పోస్తా ఉండారు?"

గడ్డపార రెండు మూరలు దిగేసరికి నీళ్ళు పైకి చిమ్మాయి. పాత ఇనప పైపు తుప్పు పట్టి, ఏకంగా నోరు తెరిచేసి ఉంది. ఎనభై మంది కుర్రాళ్ళు సబ్బు మొహాలతో ఎదురుచూసిన నీళ్ళన్నీ ఆ చెట్టు తాగింది. ఆ చెట్టుని నేను తిన్నాను. నీళ్ళు తమకి చేతనైనంత పెద్ద సైగ చేశాయి, పచ్చగా, తియ్యగా, గంపలకొద్దీ. ఆ హెచ్చరికని నేను రోజూ ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లుకుని తిన్నాను.

అత్త మామని ఉండమంది. క్షమించమని అడగడం ఆవిడకి చేతకాదు కనక, ఆ సాయంత్రం వాళ్ళిద్దరికీ తనే భోజనం మోసుకెళ్ళింది, బస్తాలోంచి గిన్నెలు తనే తీసి సర్దింది. నా మంచం పోలేదు. కానీ రోజూ పొద్దున నేను మిద్దెక్కి, దిగి, అంకె పైకి చదివి, మామ గాజులతో సరిపోయిందనిపించుకున్నాకే నాకు టిఫిను. మామ రెండు రోజులు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మూడో రోజు నేనే ఉండబట్టలేక మోటారు రూము గడప మీద కూర్చుని "అబద్ధం రాసినందుకు కోపమా మామా?" అన్నాను.

ఆయన మేకు మీద గాజు తగిలిస్తూ అన్నాడు. "నీ అబద్ధానికి కాదప్పా. పిల్లోడివి, చెప్తావు. నా గాజులు నిజం చెప్తా ఉన్నా నేనే నమ్మకపోతినే. రాసిండేది చూసి, నా చెవుల్ని, నా చేతుల్ని నేనే వద్దనుకుంటినే. దానికి నామీదే కోపం." తరవాత నవ్వి, చెట్టుకి మిగిలిన ఆఖరి పండు సగం కోసి నా చేతిలో పెట్టాడు. ఆ సగం ముక్క మింగడానికి నాకు పట్టినంత సేపు, అంతకు ముందు తిన్న కాయలన్నిటికీ కలిపి పట్టలేదు.

ఆ తరవాత నాకు ఉద్యోగం దొరికింది, పెళ్ళయింది, పొట్ట వచ్చింది. మామ ఆనేకల్ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. వెళ్ళేటప్పుడు వేపరెమ్మ గుచ్చిన ఆ రెండు గాజుల గుత్తి నాకిచ్చాడు. రెమ్మ ఎప్పుడో రాలిపోయింది కానీ, గాజులు ఇప్పుడు మా మిద్దె మీద మీటరు పక్కన మేకుకి ఉంటాయి. ఫోను "ఎక్కువ వాడారు" అని దెప్పిన రోజు నేనేమీ కంగారు పడను. కానీ నిన్న పొద్దున అది "అంతా మామూలే" అంది. ఆ మాట విన్నాక నాకు కాలు నిలవలేదు. అది ఎవరి గొంతో నాకు బాగా తెలుసు. మోకాళ్ళు పట్టుకుని ఐదంతస్తులెక్కి మూత తీసి చూశాను. ఎర్ర చక్రం బుద్ధిగా నిలబడి ఉంది, గాజులు గాలికి ఊగుతున్నాయి. ఆయాసపడుతూ దిగొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమంటుంది మీటరు?" అంది.

"అంతా మామూలే," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ళుగా నా కథలు వింటున్న మనిషి. చెప్పులు వేసుకుని, తను కూడా మిద్దెక్కింది.